ఎడమ వైపుకి, నెమ్మదిగా

జనవరి 19, సోమవారం

ఇవాళ క్లబ్బుకి వెళ్లాను. నాన్న పోరు పడలేక వెళ్లాను. "రెండు నెలల నుంచి ఆ గదిలో పుస్తకాలు ముందేసుకుని కూచున్నావు. పోయి నలుగురితో ఆడుకో" అన్నాడు. నలుగురితో ఆడటం నా వల్ల కాదని ఆయనకూ తెలుసు. అందుకే మెషిన్ సంగతి చెప్పాడు. దానితో మాట్లాడక్కర్లేదట.

పాత టెన్నిస్ కోర్టు మీద కొత్త గీతలు గీసి పికిల్‌బాల్ కోర్టులు చేశారు. చిల్లుల ప్లాస్టిక్ బంతులు, చెక్కపలక లాంటి బ్యాట్. బంతులు విసిరే మెషిన్ క్లబ్బు మొత్తానికి ఒక్కటే. సాయంత్రాలు మనుషులు మనుషులతో ఆడతారు కాబట్టి మెషిన్ పొద్దున పూటే పని చేస్తుంది. సెక్రటరీ గోపీనాథ్ గారు దాని నిబంధనలు లామినేషన్ చేయించి గోడకి కొట్టించారు. ముందు రోజే రిజిస్టర్లో రాయాలి. మనిషికి అరగంట. ఒకరికీ ఒకరికీ మధ్య పది నిమిషాలు మోటారుకి విశ్రాంతి. ఆడినవాళ్లే బంతులు ఏరాలి. మీటలన్నీ సున్నాకి తిప్పి పోవాలి. ఆఖరున ఆడినవాళ్లు ఛార్జింగ్ పెట్టాలి. రిజిస్టర్ ఆఫీసు గది దాటకూడదు.

"మోటారూ మనలాంటిదే అమ్మా, ఊపిరి పీల్చుకోవాలి" అన్నారాయన. తల ఊపాను.

రిజిస్టర్లో ఆరు గంటలకి సబా అని ఉంది. ఆ తర్వాత ఆరూ నలభై, ఏడూ ఇరవై ఖాళీ. ఆరూ నలభై రాశాను. ఏడూ ఇరవైకి ఎండ వచ్చేస్తుంది.

పేరు రాయలేదు. నాన్న సభ్యత్వం నంబరు రాశాను, 177.

ఊళ్లో ఇంకో సబా ఉండొచ్చు.

జనవరి 20

ఇంకో సబా కాదు.

ఆరుంపావుకే వెళ్లాను. క్లబ్బు రీడింగ్ రూం కిటికీలోంచి కోర్టు కనిపిస్తుంది. సబా ఆడుతోంది. జడ పైకి ముడేసి, అదే ఎడాపెడా కొట్టుడు. కుడివైపు వచ్చే బంతుల్ని మెషిన్ మీదే కోపం ఉన్నట్టు కొడుతుంది. ఆరున్నరకి బంతులన్నీ ఏరి, స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది. ల్యాబ్‌లో డ్యూటీ ఎనిమిదింటికి. ఆ పది నిమిషాల విశ్రాంతి నాకే పెట్టినట్టుంది.

ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా ఒకే బెంచీ. సబా వాళ్ల నాన్న ఇమాం సాహెబ్ ఇదే క్లబ్బులో ముప్పై ఏళ్లు మార్కరు. సున్నంతో గీతలు గీసేవాడు, రాకెట్లకి దారాలు కట్టేవాడు. కాన్వెంటు వదలగానే మేమిద్దరం ఇక్కడికే వచ్చేవాళ్లం. ఇనుప స్టూలు మీద కూచుని బకెట్‌లోంచి బంతులు తీసి ఒక్కొక్కటే విసిరేవాడు. ఇప్పుడు మెషిన్ ఉన్నచోటే ఆ స్టూలు ఉండేది.

ఇమాం బాబాయికి ఒక పద్ధతి ఉండేది. ఒకరి ఆట అయిపోయి ఇంకొకరు దిగేటప్పుడు మొదటి బంతిని నేల మీద నుంచి తీసుకోనిచ్చేవాడు కాదు. ఆడి దిగేవాళ్లు దాన్ని ఎక్కేవాళ్ల చేతిలో పెట్టాలి. "ఆట కింద పారేసి పోతారా ఏంది? చేతికియ్యండి" అనేవాడు. ఎంత పెద్ద ఆఫీసరైనా సరే చేతికివ్వాల్సిందే.

పోయిన జులైలో పోయాడు. నేను వెళ్లలేదు. ఆ రోజు నాకు జ్వరం.

జనవరి 21

సబా మీటలు సున్నాకి తిప్పకుండా పోయింది. ఆన్ చేయగానే బంతులన్నీ ఎడమ వైపుకి, నెమ్మదిగా వచ్చాయి. నాకు ఎడమ వైపు బొత్తిగా రాదు. సరిచేయడం చేతకాక అలాగే ఆడాను. నలభై బంతుల్లో ఆరు నెట్ దాటాయి.

జనవరి 22

మళ్లీ అంతే. ఎడమ వైపుకి, నెమ్మదిగా.

జనవరి 24

గోపీనాథ్ గారితో చెబుదామనుకున్నాను. చెబితే సబాకి చీవాట్లు పడతాయి. ఊరుకున్నాను.

జనవరి 28, బుధవారం

రీడింగ్ రూం ఊడవడానికి గురవమ్మ వచ్చింది. చీపురు గోడకి ఆనించి నా వంక చూసింది.

"ఏందమ్మాయ్, ఇవాళ్టి పేపరు ఇంకా రాలేదు గదా. నిన్నటిదేగా అది?"

"ఊరికే చూస్తున్నాను."

"నిన్న మొన్నటిది చూసినావు. చదువుకున్నోళ్లకి రోజు ఆలస్యంగా తెల్లారుద్దో ఏందో."

బయట సబా బంతులు ఏరుతోంది. ఏరటం అయ్యాక మెషిన్ ముందు గొంతుక్కూచుని మీటలు తిప్పింది. సున్నాకి తిప్పుతోంది కాబోలు. మరి సున్నాలో ఎందుకు ఉండటం లేదో. మీట వదులై ఉంటుంది.

జనవరి 31

అమ్మ మళ్లీ అడిగింది, విజయవాడ కాలేజీ ఇంకోసారి పిలుస్తుందా అని. నవంబరులో డెమో క్లాసుకి పిలిచారు. పాఠం మొత్తం కంఠతా వచ్చు. బోర్డు ముందు నాలుగు నిమిషాలు నిలబడి, ఒక్క మాట కూడా రాక, సుద్దముక్క బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఆ నాలుగు నిమిషాల సంగతి అమ్మకి చెప్పలేదు. ఇంకెవరో ఎంపికయ్యారని చెప్పాను.

పిలవరు.

ఫిబ్రవరి 4, బుధవారం

వేగం ఒక అంకె పెరిగింది. ఎడమ వైపుకే, కానీ మునుపటంత నెమ్మదిగా కాదు. సబాకి కూడా ఎడమ వైపు బలహీనమే అయి ఉండాలి. సాధన చేస్తోంది. కిటికీలోంచి చూసినప్పుడు మాత్రం కుడివైపే ఆడుతూ కనిపిస్తుంది. నేను రాక ముందు ఆడుతుందేమో.

నా బంతులు నలభైలో పాతిక దాటాయి. ఈ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పాల్సిన మనిషి అప్పుడే గేటు దాటింది.

ఫిబ్రవరి 7

ఫోన్ తీసి సబా నంబరు తెరిచాను. ఆఖరి మెసేజ్ జూన్‌లోది. మామిడికాయల ఫోటో. దాని కింద జులైలో నేను టైపు చేసి చెరిపేసినవి ఏవీ కనబడవు. చెరిపేసినవి కనబడకపోవడమే మంచిది. ఒకటి మరీ పరీక్షలో వ్యాసంలా ఉంది.

ఫిబ్రవరి 9, సోమవారం

సొరుగు సర్దుతుంటే పిన్నీసుల ప్యాకెట్ దొరికింది. విప్పలేదు.

జ్వరం లేదు. ఆ రోజు బయలుదేరాను. సబా వాళ్ల సందు మొదట్లో ఫ్యాన్సీ కొట్టు ఉంది. అక్కడిదాకా వెళ్లాను. ఇంటి ముందు కుర్చీలు వేసి ఉన్నాయి, మగవాళ్లు నిలబడి ఉన్నారు. లోపలికి పోయి ఏమనాలి? దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను, కొట్టు దగ్గరికి వచ్చేసరికి అన్నీ పోయాయి. "ఏం కావాలమ్మా?" అన్నాడు కొట్టతను. పిన్నీసులన్నాను. తీసుకుని వెనక్కి వచ్చేశాను.

ఒక్కసారే వెళ్లాను. ఆ తర్వాత ఆలస్యమైపోయింది. ఆలస్యమైన కొద్దీ వెళ్లడానికి ఇంకా పెద్ద మాట కావాలి. అంత పెద్ద మాట నా దగ్గర లేదు.

ఫిబ్రవరి 10

సొరుగులో ప్యాకెట్లు మూడున్నాయి.

ఫిబ్రవరి 15, ఆదివారం

శివరాత్రి. క్లబ్బు సెలవు. అందరం కోటప్పకొండ వెళ్లాం. ప్రభల దగ్గర ఇసుక వేస్తే రాలని జనం. దర్శనం వరసలో నిలబడి నాకు తెలియకుండానే చేయి ఎడమ పక్కకి తిప్పుతున్నానట. ముందున్న ఆవిడకి తగిలింది. "ఏందే ఆ చెయ్యి? దోమలా?" అంది అమ్మ.

ఫిబ్రవరి 17, మంగళవారం

గోడ మీద కొత్త కాగితం. మార్చి ఒకటి నుంచి మెషిన్ సభ్యుల కుటుంబాలకే. బయటివాళ్లకి కేటాయించిన సమయాలు రద్దు.

బయటివాళ్లు అంటే సబా ఒక్కతే. వాళ్ల నాన్న మీద గౌరవంతో ఇన్నాళ్లూ రానిచ్చారట. ముప్పై ఏళ్లు ఈ నేల మీద గీతలు గీసినవాడి కూతురు గీతకి అవతలిదైంది.

ఇంకా పదకొండు రోజులుంది. రేపు పది నిమిషాల ముందు కిటికీ దగ్గర కాకుండా కోర్టు దగ్గర నిలబడతాను.

ఫిబ్రవరి 18

కిటికీ దగ్గరే నిలబడ్డాను. సబా ఆ కాగితం రెండుసార్లు చదివింది. తర్వాత మెషిన్ దగ్గర మామూలు కంటే ఎక్కువసేపు కూచుంది.

ఫిబ్రవరి 19, గురువారం

సబా రాలేదు. రిజిస్టర్లో ఆరు గంటల దగ్గర పేరు లేదు.

మెషిన్ ఆన్ చేశాను. బంతి తిన్నగా నా మీదికి వచ్చింది. రెండోదీ అంతే. మీటలన్నీ సున్నాలో ఉన్నాయి. నిన్న నా ఆట అయ్యాక నేనే సున్నాకి తిప్పి పోయాను, నిబంధన ప్రకారం. ఇవాళ వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

బ్యాట్ పట్టుకుని నిలబడిపోయాను. బంతులు వచ్చి కంచెకి తగులుతూనే ఉన్నాయి.

గురవమ్మ చీపురు పట్టుకుని అటుగా వచ్చింది. "ఏందమ్మాయ్, అట్టా దెబ్బలు తింటా నిలబడ్డావు?"

"సబా రాలేదు. ఆ కాగితం చూసి మానేసిందా?"

"రోజాలు మొదలైనయి గదా ఇవాళ. మంచినీళ్లు కూడా తాగకుండా ఎట్టా ఎగురుద్ది? పండగ తర్వాత రాడానికి ఇంక ఆ కాగితం ఒప్పుకోదు." మెషిన్ వైపు చూసింది. "ఇంక నీకు మీటలు తిప్పి పెట్టేదెవరు?"

"నాకా?"

"నీక్కాకపోతే నాకా? రోజూ తిప్పి పోద్ది గదా. సారేమో సున్నాలో పెట్టమనిరి, ఇదేంది తల్లీ అని ఒకనాడు అడిగినా. 'ఆరూ నలభైకి వచ్చేదానికి ఎడమ వైపు రాదు గురవమ్మా, మా నాన్న ఎప్పుడూ అటే యేసేవాడు' అంది. నీకు తెలవదా?"

తెలియదు. పేరు కూడా రాయలేదు నేను. నెల రోజులు కిటికీ వెనక దాక్కున్నాను.

గురవమ్మ వెళ్లాక బంతులు ఏరాను. నలభై. ఒక్కటీ కొట్టలేదు.

ఫిబ్రవరి 20

ఇమాం బాబాయి కూడా ఇలాగే చేసేవాడు. ముందు ఎడమ వైపుకి, నెమ్మదిగా. నేను విసుక్కుంటే, "రానిదాని కాడికే పోవాల దేవమ్మా. వచ్చినదాంతో పనేముంది?" అనేవాడు. ఎలా మరిచిపోయాను?

ఫిబ్రవరి 23, సోమవారం

రిజిస్టర్ వెనక అట్ట లోపల పాత క్లబ్బు నిబంధనలు అంటించి ఉన్నాయి. నాకు అచ్చులో ఏది కనబడితే అది చదివే అలవాటు. పదకొండోది: సభ్యుల కుటుంబీకులు తమ సమయంలో రోజుకు ఒక అతిథిని తీసుకురావచ్చు. అతిథి పేరు ముందు రోజు రాయాలి. అతిథి సంతకం ఉండాలి.

గోపీనాథ్ గారి గదిలోకి వెళ్లాను. బల్ల ముందు నిలబడ్డాను. నాలుగు నిమిషాలు కాలేదు. ఒక నిమిషం అయి ఉంటుంది.

"అంకుల్, అతిథి రోజూ ఒకరే అయితే తప్పా?"

ఆయన కళ్లద్దాలు తీశారు. "రోజుకొకరు అని ఉంది. ఒకరే రోజూ రాగూడదని ఎక్కడా లేదే. ఎవరమ్మా?"

"సబా."

కళ్లద్దాలు తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. "కమిటీ తీర్మానం అమ్మా అది. నేనొక్కణ్ణే చేసింది కాదు" అన్నారు. నేను అడగలేదు. తర్వాత "మొదటిసారి సంతకం మాత్రం ఉండాలి. పద్ధతి పద్ధతే" అన్నారు.

సంతకం కావాలంటే సబా ఇంటికి వెళ్లాలి.

ఫిబ్రవరి 27, శుక్రవారం

సాయంత్రం బయలుదేరాను. సందు మొదట్లో కొట్టతను నన్ను గుర్తుపట్టాడు. "పిన్నీసులేనా అమ్మా?" అన్నాడు.

నాలుగు ప్యాకెట్లు.

ఫిబ్రవరి 28, శనివారం

రేపటి నుంచి కొత్త నిబంధన. రేపటికి రాయాలంటే ఇవాళే.

పొద్దున ఆట అయ్యాక ఆఫీసు గదిలోకి వెళ్లి రిజిస్టర్‌ని తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. జీవితంలో మొదటి దొంగతనం. కాన్వెంట్‌లో సుద్దముక్క కూడా తీసి ఎరుగను. గురవమ్మ చూసింది. "అడిగితే చెదలు పట్టిందని ఎండబెట్టానంటాలే. సాయంత్రానికల్లా తెచ్చెయ్" అంది.

ఖాళీ చేతులతో పోతే మళ్లీ పిన్నీసులే కొంటాను. చేతిలో పని ఉంటే కాళ్లు ఆగవని అనుకున్నాను. నాలుగున్నరకి బయలుదేరాను. కొట్టతను నోరు తెరిచేలోపు దాటేశాను. కొట్టు నుంచి సబా ఇంటికి నలభై అడుగులు కూడా లేవు.

తలుపు తీసే ఉంది. సబా వాళ్ల అమ్మ నజీమా పిన్ని వసారాలో కూచుని పళ్లు కోస్తోంది. నన్ను చూసి కత్తిపీట పక్కన పెట్టింది. లోపలికి తిరిగి "సబా, ఎవరొచ్చారో చూడు" అంది, నిన్న కూడా వచ్చిపోయినదాన్ని గురించి చెప్పినట్టు.

సబా వచ్చి గుమ్మంలో నిలబడింది. తల మీద చున్నీ. కొంచెం చిక్కింది.

ఏడు నెలల నుంచి కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. రిజిస్టర్ తెరిచి చూపించాను.

"ఇక్కడ సంతకం పెట్టాలి" అన్నాను.

సబా రిజిస్టర్ అందుకుంది. ఆరూ నలభై. అతిథి: సబా. చదివింది. పేజీలు వెనక్కి తిప్పింది, జనవరి దాకా.

"ఇన్నాళ్లూ పేరెందుకు రాయలేదే?"

"నీకు తెలుస్తుందని."

"తెలవకుండా ఉంటదా? ఈ ఊళ్లో ఏడుకి అడ్డగీత పెట్టేది మనిద్దరమే. కాన్వెంట్‌లో సిస్టర్ మనిద్దరి చేతే గదా వందసార్లు రాయించింది." వేలితో చూపించింది, 177. రెండు ఏడు అంకెలకీ నడుము మీద గీత. "మొదటి రోజే చూశా."

"సబా, బాబాయి పోయిన రోజు నేను..."

"ఫ్యాన్సీ కొట్టు కాడికి వచ్చినావు. తెలుసు. మేడ మీద నుంచి కనబడుద్ది."

వెనక్కి తిరిగి సందు మొదటి వైపు చూశాను.

"మూడుసార్లు వచ్చినావు. మూడోరోజు అమ్మతో పందెం కూడా కట్టా, ఇయ్యాల లోపలికి వస్తది చూడమని. ఓడిపోయా." రిజిస్టర్ మూసింది. "చానా కోపమొచ్చింది దేవీ. బంధువులందరూ ఉన్నారు. నాన్న బంతి విసిరే తీరు తెలిసినోళ్లు ఒక్కరు కూడా లేరు."

"ఏం చెప్పాలో తెలియలేదు."

"నిన్నెవరు చెప్పమన్నారే? వచ్చి కూచునేదానివి."

ఏడ్చాను. నిలబడే ఏడ్చాను. రిజిస్టర్ తడవకుండా సబా దాన్ని కొంచెం పక్కకి జరిపింది. నజీమా పిన్ని లేచి వచ్చి నా భుజం పట్టుకుని చాప మీద కూచోబెట్టింది. "గుమ్మంలో ఏంది ఇద్దరూ. ఇంకో గంటాగితే ఉపవాసం విడుస్తాం, తిని పో. ఆ పళ్లు కోసిపెట్టు" అంది. కోశాను. పుచ్చకాయ గింజలు తీస్తూ కూచున్నాను.

కాసేపటికి సబా అడిగింది. "అన్నిసార్లు ఆ కొట్టులో ఏం కొన్నావే?"

"పిన్నీసులు."

"మూడుసార్లూ?"

"నాలుగు. నిన్న కూడా."

సబా తల వంచుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని భయపడ్డాను. నవ్వుతోంది. నజీమా పిన్ని కూడా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. "సబా చున్నీకి ఒక్క పిన్నీసు ఉండదు ఇంట్లో, ఎప్పుడూ వెతుకులాటే. రేపు పట్రా" అంది.

ఉపవాసం విడిచేటప్పుడు నాకూ ఒక ఖర్జూరం ఇచ్చారు. తర్వాత సబా సంతకం పెట్టింది. క్లబ్బుకి వెళ్లి రిజిస్టర్ దాని చోట పెట్టేసి వచ్చాను.

మార్చి 1, ఆదివారం

ఆరూ నలభైకి ముందే కోర్టు దగ్గర నిలబడ్డాను. కిటికీ వైపు పోలేదు. సబా వచ్చింది. పిన్నీసులు నాలుగు ప్యాకెట్లూ ఇచ్చాను.

మెషిన్ ఆన్ చేస్తే కదల్లేదు. నిన్న రిజిస్టర్ ఎలా దాచాలా అన్న ఆలోచనలో ఛార్జింగ్ పెట్టకుండా పోయాను. గోపీనాథ్ గారు చూస్తే ఏమంటారోనని వైరు పట్టుకుని తిరుగుతున్నాను.

"వదిలెయ్ దాన్ని" అంది సబా.

స్టోర్ గదిలోకి వెళ్లి ఇనుప స్టూలు తెచ్చింది. ఒక కాలు పొట్టి. కింద రాయి పెట్టింది. బంతుల బుట్ట పక్కన పెట్టుకుని కూచుంది. ఉపవాసంతో పరిగెత్తలేదు గానీ కూచుని విసరగలదు. నీళ్ల సీసా సంచిలోంచి నేను బయటికి తీయలేదు.

బ్యాట్ సరిచేసుకుని నిలబడ్డాను. సబా బుట్టలోంచి ఒక బంతి తీసింది. విసరలేదు. లేచింది. నెట్ చుట్టూ నడిచి ఇటు వచ్చి ఆ బంతిని నా అరచేతిలో పెట్టింది. వేళ్లు మూసింది. వెనక్కి వెళ్లి మళ్లీ స్టూలు మీద కూచుంది.

గురవమ్మ చీపురు చప్పుడు ఆగింది.

"ఎటు వెయ్యమంటావే?" అంది సబా.

"ఎడమ వైపుకే" అన్నాను. "నెమ్మదిగా వద్దు."